గోడకు తిప్పిన స్పీకర్లు

హిందూపురం,
జూన్ మొదటివారం

మంజునాథ్ మామకు,

ఫోన్ చేస్తే నా మాట నీకు చేరడం లేదు. పోయిన ఆదివారం నేను "పాప పడుకుంది" అంటే నువ్వు "పప్పా, పంపిస్తాలే" అన్నావు. మర్నాడు బస్సులో కందిపప్పు వచ్చింది కూడా. అందుకే ఇక నుంచి కాగితం మీదే మాట్లాడదామని మొదలుపెట్టాను. అమ్మా నాయనా పోయాక నాకు పుట్టిల్లంటే పెనుకొండలో నీ రేడియో రిపేరు అంగడే కదా.

కొత్త ఇంట్లో కుదురుకున్నాం. శ్రీనాథ్ మోటార్ల షాపు దగ్గరే కాబట్టి మధ్యాహ్నం భోజనానికి ఇంటికే వస్తున్నాడు. హారిక పాకుతోంది. దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటోంది.

నీతో ఒక పని పడింది. హాల్లో పాటలు వినడానికి మంచి స్పీకర్లు కొనాలి. శ్రీనాథ్‌కు మనిషెత్తు టవర్లు, వాటి పక్కన బేస్ పెట్టె ఒకటి ఉండాలని ఉంది. నాకేమో వీణ తీగ మీద వేలు జరిగిన చప్పుడు కూడా వినిపించాలి, కానీ పక్క గదిలో పాప లేవకూడదు. ఈ రెండూ ఒకచోట దొరుకుతాయా? నువ్వు ఏది చెబితే అది కొంటాం.

పక్కింటి సంగతి కూడా రాయాలి. మా గోడకు ఆనుకుని కార్తీక్ అనే అతని రేకుల షెడ్డు ఉంది. పెళ్ళిళ్ళకూ ఊరేగింపులకూ డీజే బాక్సులు బాడుగకు ఇస్తాడు. తల్లి మునెమ్మ, అతను, ఇద్దరే. మధ్యాహ్నం పూట బాక్సులన్నీ కలిపి పరీక్ష చేస్తాడు. వంటింట్లో స్టీలు ప్లేట్లు వాటంతట అవే జరుగుతుంటాయి. పాప ఉలిక్కిపడి లేస్తోంది. నిన్న శ్రీనాథ్ వెళ్ళి మాట్లాడి వచ్చాడు. ఇక తగ్గిస్తాడనే అనుకుంటున్నాను. శ్రీనాథ్ చొక్కాకు గుండీలు ఊడిపోతే కుట్టాను, పిడికిలి మీద చర్మం లేస్తే పసుపు పెట్టాను. షాపులో పైపులు దించుతుంటే గీసుకుందట.

నీ జవాబు కోసం చూస్తుంటాను.
సాహితి


పెనుకొండ,
జూన్ మూడోవారం

అమ్మా సాహితీ,

నీ చేతిరాత అచ్చం మా అక్కదే. కవరు మీద చూసి కాసేపు చింపలేకపోయాను.

స్పీకర్ల మాట. అంగట్లో వాళ్ళు పెట్టే పాట వినొద్దు. నీకు బాగా తెలిసిన పాట, ఏ చోట గాయని ఊపిరి పీలుస్తుందో కూడా నీకు తెలిసిన పాట, నువ్వే తీసుకెళ్ళు. చాలా చిన్న సౌండు పెట్టించి విను. ఆ సౌండులో కూడా గొంతు గొంతులాగా, వీణ వీణలాగా వినిపిస్తే అది మంచి స్పీకరు. గట్టిగా పెడితే ఏ స్పీకరైనా బాగున్నట్టే ఉంటుంది, మన చెవి అట్లా మోసపోతుంది. అమ్మేవాడికి ఈ సంగతి తెలుసు. ఖరీదైన దాన్ని చూపించేటప్పుడు వాడి వేలు మెల్లగా సౌండు పెంచుతుంది. రెండిటినీ ఒకే సౌండులో పెట్టించి పోల్చు.

మీ హాలుకు మనిషెత్తువి అక్కర్లేదు. బల్ల మీద పెట్టుకునే రెండు చిన్న పెట్టెలు చాలు. మూలలో ఇరికించొద్దు, మూలలో బేస్ ఉబ్బి మాటను మింగేస్తుంది. గోడకు మూరెడు దూరంగా, కూర్చున్నప్పుడు నీ చెవి ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో పెట్టు. పాప ఉయ్యాల వైపు మాత్రం తిప్పొద్దు.

ఇక చెవి మాట. చేయి చాపితే తగిలేంత దగ్గరున్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తే ఆ సౌండు ఎక్కువైనట్టు. పాట ఆపాక చెవిలో కూత వినిపిస్తే అప్పటికే దెబ్బ తగిలినట్టు. చెవి లోపల గడ్డిపరకల్లాంటి సన్నటి నూగు ఉంటుంది, చప్పుడుకు అది వంగుతుంది. కాస్త విశ్రాంతి ఇస్తే లేచి నిలబడుతుంది. వంగినదాన్ని మళ్ళీ మళ్ళీ తొక్కితే చస్తుంది, మళ్ళీ మొలవదు. నా కుడి చెవి మైకుసెట్టు కొమ్ము స్పీకర్ల పక్కన కూర్చుని కూర్చుని అట్లాగే మందగించింది.

మంచి స్పీకరు కొన్నవాడికి గట్టిగా పెట్టాలనే కోరిక రాదు. అన్నీ వినపడుతుంటే ఇక పెంచేదేముంది?

చివరగా ఒక మాట. పైపులు దించేటప్పుడు గీసుకుంటే అరచేయి గీసుకుంటుంది. పిడికిలి మీద చర్మం లేవదు. ఏం జరిగిందో రాయి.

మామ


హిందూపురం,
జులై

మామా,

నీ ఉత్తరం శ్రీనాథ్‌కు చదివి వినిపించాను. నవ్వాడు. "చెవిటోని మాట విని స్పీకర్లు కొనాల్నా?" అన్నాడు. నువ్వు బాధపడవని తెలుసు కాబట్టి రాస్తున్నాను.

మరుసటి వారం ధర్మవరం నుంచి రమేష్ బావ ఒక టెంపో పట్టుకుని వచ్చాడు. శ్రీనాథ్ అన్న, ఆయనకు అక్కడ పట్టుచీరల అంగడి ఉందని నీకు తెలుసు కదా. మూతపడిన ఫంక్షన్ హాలు వాళ్ళ దగ్గర కొన్న బాక్సులు తెచ్చాడు, ఒక్కొక్కటీ బీరువా అంత ఉంది. నలుగురు మోస్తే గాని లోపలికి రాలేదు. సోఫా బయట పెట్టి వాటిని లోపల పెట్టారు. నేను చూస్తుండగానే వాటి మూతులు మా వైపు కాకుండా గోడ వైపు తిప్పారు.

"ఇట్లా పెడితే మనకేం వినపడుతుంది?" అని అడిగాను.

"ఇవి మనం వినేకి కాదు సాహితీ," అన్నాడు శ్రీనాథ్. "పక్కోనికి వినిపించేకి."

అప్పటి నుంచి రోజూ యుద్ధమే. అతను మొదలుపెట్టగానే ఇతను. ఇతను ఆపగానే అతను. మొదటిరోజే దేవుడి పటం కింద పడి అద్దం పగిలింది. ఛాతీ మీద ఎవరో గుద్దుతున్నట్టు ఉంటుంది. ఒక మధ్యాహ్నం నేను వంటింట్లో నుంచి తిరిగి చూస్తే హారిక నేల మీద కూర్చుని నోరు తెరిచి ఉంది. ముఖమంతా ఎర్రగా, కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఎంతసేపటి నుంచి ఏడుస్తోందో. రెండడుగుల దూరంలో ఉన్న నా బిడ్డ ఏడుపు నాకు వినపడలేదు.

తర్వాత ఎవరో మా కరెంటు వైరు కోశారు. తర్వాత కిటికీలోంచి రాయి వచ్చింది. అద్దం ముక్కలు ఉయ్యాలంతా పడ్డాయి. పాప నా చంకలో ఉంది కాబట్టి సరిపోయింది. శ్రీనాథ్ షాపు నుంచి ఇనుప పైపు తెచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. కార్తీక్ బయటికి వచ్చాడు.

"రాయి నేను ఎయ్యలా అప్పా," అన్నాడు. "మా అమ్మ మీద ఒట్టు. వీధిలో ఎవరేసినారో."

"పైగా ఒట్లు గూడానా?" అన్నాడు శ్రీనాథ్.

"నువ్వు బాక్సులు తీసేయ్. నేను షెడ్డు ఊరిబయటికి మార్చుకుంటా. నెలరోజులు టైమియ్యి."

శ్రీనాథ్ ఆ మాట పూర్తికానివ్వలేదు. పైపుతో మోకాలి మీద కొట్టాడు. కార్తీక్ కూలబడ్డాక కూడా ఇంకో దెబ్బ వేశాడు. మునెమ్మ వచ్చి కొడుకు మీద పడింది కాబట్టి మూడోది పడలేదు.

మామా, జూన్‌లో మాట్లాడి వచ్చాడని రాశాను. మాట్లాడలేదు. అతను తలుపు తీయగానే శ్రీనాథ్ కొట్టాడు. నేను మా గేటులోంచి చూశాను. పిడికిలి సంగతి నువ్వు ఊహించింది నిజమే.

సాహితి


పెనుకొండ,
ఆగస్టు

సాహితీ,

అక్షరాలు వంకర పోతున్నాయి. ఈ పెన్ను బాగాలేదు.

పాపను వెంటనే అనంతపురంలో చెవుల డాక్టరుకు చూపించు. పసిబిడ్డలకు కూడా వినికిడి పరీక్ష చేసే మిషను ఉంది. వెనక నుంచి గిలక ఊపితే తిరుగుతోందా లేదా నువ్వు కూడా చూస్తుండు. చెవిలో దూది పెడితే చాలనుకుంటున్నావేమో, ఆ పెట్టెల సౌండుకు దూది అడ్డం కాదు. గోడ కూడా అడ్డం కాదు. బేస్ గోడలోంచీ నేలలోంచీ వస్తుంది.

ఆ బాక్సులు పాటలు వినడానికి కొన్నవి కావు కాబట్టి ఎట్లా వినాలో, ఎంత దూరంలో కూర్చోవాలో చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నువ్వు పాపను తీసుకుని పెనుకొండ వచ్చెయ్. అంగడి వెనక గది ఖాళీగానే ఉంది. శ్రీనాథ్ వచ్చి గలాటా చేస్తే చేయనీ.

మొన్న ధర్మవరం పోయొచ్చాను. ఒకరి ఆంప్లిఫయరు చూడాల్సి ఉండింది. ఎండ బాగా ఉంది అక్కడ.

వినాయక చవితికి కార్తీక్ బాక్సులన్నీ బయటికి తీస్తాడు. వీధి నిండా జనముంటారు, తాగినవాళ్ళుంటారు. ఆ రోజు మీ ఇంట్లో ఉండొద్దు. ఇది మాత్రం నా మాట విను.

మామ


హిందూపురం,
సెప్టెంబరు

మామా,

నీ మాట వినలేదు. ఉన్నాను. నేను ఇంట్లో ఉంటే శ్రీనాథ్ బయటికి పోడనుకున్నాను.

హారిక చెవులు బాగున్నాయి. డాక్టరు ఆ మాట చెప్పాక, మళ్ళీ ఆ గదిలో పడుకోబెడితే ఇంకోసారి ఈ మాట చెప్పలేనన్నాడు. ముందుగా ఇది రాస్తున్నాను, ఎందుకంటే మిగతాదాంట్లో మంచిమాట ఏదీ లేదు.

చవితి రోజు మధ్యాహ్నం కార్తీక్ ట్రాక్టరు మీదికి బాక్సులు ఎక్కిస్తున్నాడు. మోకాలు ఇంకా కుంటుతూనే ఉంది. పాట అప్పటికే పెట్టేశాడు, నేల అదురుతోంది. రమేష్ బావ కారు వచ్చి ఆగింది. ఆయనతో పాటు ఎప్పుడూ చూడని మనుషులు ముగ్గురో నలుగురో దిగారు. శ్రీనాథ్ నా చేతిలో అన్నం గిన్నె పెట్టి లేచాడు. "పోవద్దు" అన్నాను. వినపడలేదో, వినలేదో.

వాళ్ళు షెడ్డులోకి పోయారు, మామా. కార్తీక్ మనుషులు మా ఇంటికి రాలేదు. మావాళ్ళే పోయారు. గొడ్డలితో బాక్సుల మూతులు పగలగొట్టారు. కార్తీక్‌ను ట్రాక్టరు చక్రానికి ఆనించి ఒకడు పట్టుకుంటే ఇంకొకడు ముఖం మీద గుద్దుతున్నాడు. పళ్ళ మధ్య నుంచి రక్తం తీగలా సాగుతోంది. మునెమ్మ పిండి చేతులతో పరిగెత్తుకొచ్చి అడ్డం పడింది. "నా బిడ్డను సంపుతాండారు, ఎవురైనా రాండి" అని అరుస్తోంది. రమేష్ బావ మైకు స్టాండు తిప్పి ఆమె భుజం మీద కొట్టాడు. ఎండుకట్టె విరిగినట్టు ఎముక విరిగింది. ఆ పాటలో కూడా ఆ చప్పుడు నాకు వినపడింది. ఎట్లా వినపడిందో తెలియదు.

కార్తీక్ తల్లి పడటం చూశాడు. పట్టుకున్నవాడిని తోసేసి, కింద ఉన్న జాకీ రాడ్ తీసి, ఎదురుగా ఎవరుంటే వాళ్ళను కొట్టాడు. ఎదురుగా ఉన్నది శ్రీనాథ్. ఎడమ చెవి మీద పడింది.

శ్రీనాథ్ పడలేదు. నిలబడే ఉన్నాడు. చెవిలోంచి రక్తం మెడ మీదుగా చొక్కాలోకి కారుతోంది. చుట్టూ చూసి, "పాట ఎవురు ఆపినారు?" అన్నాడు. పాట ఆగలేదు మామా. ఎవరూ ఆపలేదు. నేల ఇంకా అదురుతూనే ఉంది.

కుడి చెవి నాలుగైదు రోజులకు తిరిగి వచ్చింది. ఎడమది రాదని డాక్టరు చెప్పేశాడు. రోజంతా ఆ చెవిలో కుక్కరు కూసినట్టు ఉంటోందట. ఆస్పత్రి మంచం మీద కూర్చుని తల గోడకు కొట్టుకుంటున్నాడు.

రెండు వైపులా కేసులు పెట్టారు. రేపో మాపో పోలీసులు నా వాంగ్మూలం తీసుకుంటారు. రమేష్ బావ వచ్చి కుర్చీ నా ఎదురుగా లాక్కుని కూర్చున్నాడు.

"వాండ్లే మన ఇంటి మీదికి వచ్చినారని చెప్పాల. అంతే. ఇంకేం మాట్లాడొద్దు."

"వాళ్ళు రాలేదు బావా."

"నీ మొగుని చెవి పోయిండాది. ఎవురి పక్కన నిలబడతావో నువ్వే చూసుకో. కేసు సంగతి ఇట్ల కానీ, ఆ కార్తీక్ చెయ్యి ఎట్లా తియ్యాల్నో నేను చూసుకుంటా." తర్వాత నవ్వి అన్నాడు, "మీ మామ కూడా మా అంగడికి వచ్చి నీతులు చెప్పినాడులే. మెట్లు దిగేకి మావాళ్ళు కొంచెం సాయం చేసినారు."

నువ్వు రాసిన పెన్ను సంగతి అప్పుడు అర్థమైంది.

దాచకుండా రాస్తున్నాను. పగలంతా నాకు మునెమ్మ భుజం గుర్తొస్తోంది. శ్రీనాథ్ తల గోడకు కొట్టుకుంటున్నప్పుడు మాత్రం ఆ చెయ్యి తెగాలనే నాకూ అనిపిస్తోంది. ఆ రాడ్ పట్టుకున్న చెయ్యి. నేను ఏం చెప్పాలి మామా?

సాహితి


పెనుకొండ,
సెప్టెంబరు చివర

సాహితీ తల్లీ,

మణికట్టు విరిగింది. కట్టు విప్పారు, బాగానే ఉంది. రమేష్‌ను బతిమాలడానికే ధర్మవరం పోయాను. నీకు చెబితే శ్రీనాథ్‌తో గొడవ పడతావని రాయలేదు. ఇక దాని గురించి అడగొద్దు.

ఇంకో సంగతి ఉంది. మీ నాయన బతికున్నంత కాలం నీకు చెప్పొద్దని నాతో మాట తీసుకున్నాడు. ఆయన పోయాక కూడా నోరు రాలేదు.

నా కుడి చెవి కొమ్ముల వల్ల పోయిందని నీకు రాశాను, అది నిజం. ఎడమ చెవి గురించి నువ్వెప్పుడూ అడగలేదు. నువ్వు మాటలు నేర్చుకుంటున్న రోజుల్లో ధర్మవరంలో ఒక ఊరేగింపుకు నా మైకుసెట్టు బాడుగకు తీసుకుపోయాను. మా పాట ముందంటే మా పాట ముందని రెండు వీధుల వాళ్ళు నా బండి దగ్గర కలబడ్డారు. నేను రెండూ వేయనని ఆంప్లిఫయరు ఆపేశాను. తిమ్మయ్య అనే నేతగాడు, బాగా తాగి ఉన్నాడు, చేతికి దొరికిన ఇనుప కడ్డీతో నన్ను కొట్టాడు. ఎడమ చెవి ఆ ఒక్క దెబ్బతో పోయింది. అప్పుడు నాకు కూడా లోకమంతా ఒక్కసారి ఆగిపోయినట్టే అనిపించింది. శ్రీనాథ్ అడిగిన మాట చదవగానే అదే గుర్తొచ్చింది.

మీ నాయన ఆస్పత్రికి వచ్చి నన్ను చూశాడు.  నేను ఆయన చెయ్యి పట్టుకుని, "వద్దు బావా, నాకు ఏమీ వద్దు" అన్నాను. నా కుడి చెవి దగ్గరికి వంగి, "ఇది నీ చెవి కోసం కాదప్పా," అన్నాడు. "నా పెండ్లాం తమ్మున్ని కొట్టినారని ఊరంతా చెప్పుకుంటాండారు. నేను తలెత్తుకుని తిరగాల్నా వద్దా?"

తిమ్మయ్య మత్తు దిగాక ఏడ్చాడట. నన్ను చూడ్డానికి ద్రాక్షపళ్ళు పట్టుకుని ఆస్పత్రికి వచ్చాడు. గేటు దగ్గర మీ నాయన ఎదురయ్యాడు. కొడవలితో కుడి చెయ్యి మణికట్టు పైన నరికాడు. నేను మంచం మీద ఉన్నాను. నాకు ఆ కేకలేవీ వినపడలేదు. కిటికీలోంచి జనం పరిగెత్తడం చూసి ఏదో నీళ్ళ ట్యాంకరు వచ్చిందనుకున్నాను.

చెన్నేకొత్తపల్లిలో అవ్వ దగ్గర నువ్వు పెరిగిన ఆ ఏళ్ళలో మీ నాయన బెంగళూరులో పనిచేస్తున్నాడని నీకు చెప్పాం. ఆయన జైల్లో ఉన్నాడు. మా అక్క జబ్బుపడినప్పుడు ఆయన పక్కన లేడు. ఆమె పోయినప్పుడు, నీకు గుర్తుండదు, పోలీసుల మధ్య వచ్చి, గంటసేపు కూర్చుని, మళ్ళీ పోయాడు. ఒంటిచేత్తో మగ్గం నడవదు కాబట్టి తిమ్మయ్య మగ్గం అమ్మేశాడు. అతని పిల్లల్ని చదువు మాన్పించి పనుల్లో పెట్టారు. విడుదలై వచ్చాక మీ నాయన ఒకసారి అతన్ని చూడ్డానికి పోయాడు. ఇంటి ముందు నిలబడి, లోపలికి పోలేక తిరిగొచ్చాడు. నా పక్కన కూర్చుని ఏదో చెప్పుకుంటూ ఏడ్చాడు. ఏం చెప్పాడో నాకు వినపడలేదు. మళ్ళీ చెప్పమని అడగలేకపోయాను.

నా చెవి రాలేదు తల్లీ.

పోలీసులకు ఏం చెప్పాలో నేను రాయను. అక్కడ నిలబడి చూసింది నువ్వు. రమేష్ నిన్ను ఏమైనా అంటే ఇక్కడ గది ఉంది, అంతవరకే చెప్పగలను.

మామ


హిందూపురం,
జనవరి

మామా,

ఇన్ని నెలలు నీకు రెండు ముక్కల కార్డులే రాశాను. తిట్టుకుని ఉంటావు. రాయడానికి కూర్చుంటే నాయన ముఖం కళ్ళముందుకు వచ్చేది. నేను ఆయన బెంగళూరు నుంచి బొమ్మలు తేలేదని అలిగినదాన్ని.

చూసింది చూసినట్టు చెప్పాను. జూన్‌లో మొదటి దెబ్బ ఎవరిదో, పైపు ఎవరిదో, షెడ్డులోకి ఎవరు పోయారో, మునెమ్మను ఎవరు కొట్టారో. కార్తీక్ రాడ్ తీసింది కూడా చెప్పాను. రాసుకుంటున్న ఆయన తల ఎత్తి, "నీ భర్త పేరు కూడా వస్తాదమ్మా, తెలుసు కదా" అన్నాడు. తెలుసన్నాను. సంతకం పెట్టాను.

రమేష్ బావను, ఆయన మనుషులను తీసుకుపోయారు. కార్తీక్‌ను కూడా తీసుకుపోయి, తర్వాత బెయిలు మీద వదిలారు. శ్రీనాథ్‌ను ఆస్పత్రి నుంచి నేరుగా తీసుకుపోయి, కొన్నాళ్ళకు బెయిలిచ్చి వదిలారు.  నేను అన్నం పెడితే తినేవాడు, నేను గదిలోకి వస్తే లేచిపోయేవాడు. ఒకరోజు నన్ను గోడకు నెట్టి మెడ పట్టుకున్నాడు. "నా చెవి తీసినోని పక్కన నిలబడినావు" అన్నాడు. పాప ఏడ్చింది. కుడి చెవికి ఆ ఏడుపు వినపడింది, చెయ్యి వదిలేశాడు. ఆ మధ్యాహ్నమే పాపతో నీ దగ్గరికి వచ్చాను. పది రోజులు ఉండి ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయినందుకు నన్ను క్షమించు. శ్రీనాథ్ పెనుకొండ బస్టాండులో నిలబడి ఉన్నాడని, నీ ఎదుటికి రావడానికి ముఖం చెల్లక అక్కడే ఉన్నాడని నీకు తెలుసనుకుంటాను. మళ్ళీ చెయ్యి ఎత్తితే తిరిగి రానని అక్కడే, అందరి మధ్యా చెప్పాను. తలూపాడు.

మునెమ్మను చెవుల డాక్టరు దగ్గరే చూశాను. ఆమెకూ చవితి నుంచి సరిగా వినపడడం లేదట. చెయ్యి మెడకు కట్టి ఉంది. నా పక్క కుర్చీలోనే కూర్చుంది. నా వైపు తిరిగి, "నా కొడుకు రాడ్ తీసింది గూడా చెప్పినావంటనే" అంది.

"చెప్పినా."

"నన్నడిగితే నేనూ చెప్తా. తీసినాడు, కొట్నాడు. తల్లి చెప్పకూడదని యాడన్నా ఉండాదా?"

పెద్ద బాక్సులు కేసులో పట్టుకుపోయారు. హాలు ఖాళీ అయింది. పోయిన నెల శ్రీనాథే స్పీకర్లు చూద్దాం రమ్మన్నాడు. అంగట్లో వాడు రెండు పెట్టెల మధ్య కూర్చోబెట్టి, గొంతు నడుమ నుంచి వస్తోందా సార్ అని అడిగాడు. శ్రీనాథ్ తల అటూ ఇటూ తిప్పాడు. "నాకు నడుమ లేదప్పా," అన్నాడు. "అంతా ఈ పక్కనుంచే వస్తాది. రెండోది నాకు దండగ." ఒక్కటే కొన్నాం. చిన్నది. గట్టిగా పెడితే ఎడమ చెవిలో కూత పెరుగుతుందని చాలా చిన్నగా పెడతాడు. ఆ సౌండులో వీణ తీగ మీద వేలు జరగడం నాకు వినపడుతుంది, అతనికి వినపడదు. నేను ఆ సంగతి చెప్పను.

అసలు ఈ ఉత్తరం మొదలుపెట్టింది నిన్న జరిగింది రాయడానికి.

రమేష్ బావకు బెయిలొచ్చింది. నిన్న పొద్దున ఇంటికి వచ్చాడు. శ్రీనాథ్ వరండాలో ఉన్నాడు. ఇప్పుడు ఎవరు వచ్చినా కుడిపక్కనే కూర్చుంటారు, బావ కూడా కుర్చీ కుడిపక్కకే జరుపుకున్నాడు. నేను కాఫీ తీసుకుని గడప దగ్గరికి వచ్చాను. బావ ముందుకు వంగి, తమ్ముడికి రహస్యం చెబుతున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టి, మెల్లగా మాట్లాడుతున్నాడు.

"కార్తీక్ గాడు బుధవారం కోర్టుకు వస్తాండాడు. పోయేటప్పుడు బస్టాండు దాకా నడిచే పోతాడు. వాన్ని ఎరగని కొత్తోళ్ళు ఆడ నిలబడతారు. నువ్వు వాన్ని గుర్తుపట్టి చూపించు, చాలు. చెయ్యి పని వాండ్లు చూసుకుంటారు."

గడప దగ్గరున్న నాకు ప్రతి మాటా వినపడింది. 

శ్రీనాథ్ తల కొంచెం పక్కకు వంచాడు. "ఇనపడలా అన్నా," అన్నాడు. "గట్టిగా చెప్పు."

బావ ఇంకొంచెం దగ్గరికి జరిగి మళ్ళీ చెప్పాడు.

"గట్టిగా చెప్పన్నా. నా చెవి సంగతి నీకు తెలుసు కదా."

వీధి వైపు తలుపు తెరిచే ఉంది. ఎదురింటి నారాయణమ్మ పాలు పోయించుకుంటోంది. మునెమ్మ వాళ్ళ గేటు ముందు బాగున్న చేత్తో ఊడుస్తోంది. బావ వాళ్ళందరినీ చూశాడు.

"లోపలికి పోదాం పా."

"లోపల పాప పడుకుండాది. ఈడే చెప్పు." శ్రీనాథ్ గొంతు పెద్దదైంది. "ఎవుని చెయ్యో అంటాండావు. ఎవుని చెయ్యి? ఏం చెయ్యాల్నో గట్టిగా చెప్పు, ఇంటా."

మునెమ్మ ఊడవడం ఆపింది. పాలాయన కూడా తిరిగి చూశాడు. రమేష్ బావ ముఖం నల్లబడింది.  తర్వాత లేచి, నా వైపు ఒక చూపు చూసి, కాఫీ తాగకుండా మెట్లు దిగిపోయాడు. కారు వీధి చివర మలుపు తిరిగేదాకా శ్రీనాథ్ అట్లాగే కూర్చున్నాడు. చేతులు రెండూ మోకాళ్ళ మీద గట్టిగా నొక్కిపెట్టి ఉంచాడు.

నేను వెనక నుంచి అతని కుడి చెవి దగ్గరికి వంగి, మెల్లగా అడిగాను, "ఇందాక బావ మాట మొదటిసారే వినపడిందా?"

తల ఎత్తకుండానే "ఊఁ" అన్నాడు.

సాహితి